కవ్వాల్ అభయారణ్య ప్రాంత సైకిల్ యాత్రా మార్గాలు

పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోని కవ్వాల్ అభయారణ్యం గుండా, దాని చుట్టూ ఉన్న కొండల మీదుగా సాగే రహదారులలో సైకిల్ ప్రయాణానికి అనువైన వాటిని ఈ వ్యాసం వివరిస్తుంది. ఇవి సైకిళ్ళ కోసం వేసిన దారులు కావు. గోండు, కొలాము, నాయకపోడు గూడేలను సంతలతోను, సంతలను పట్టణాలతోను కలిపే ఒంటి వరుస తారు రోడ్లే ఇందులో అధికం. సైకిల్‌పై తునికాకు, వంటచెరకు తెచ్చుకొనే స్థానికులకు ఇవి నిత్యం తిరిగే దారులు. బయటి నుండి వచ్చే యాత్రికుడు వాటిపై అతిథి మాత్రమే. ఈ దారులు అడవి మృగాలు దాటే చోట్ల గుండా కూడా వెళ్తాయి. అందువలన ఇక్కడ ఎవరు, ఏ దారిన, ఏ వేళ తిరగవచ్చు అనే విషయం చాలాకాలంగా వివాదంగా ఉంది.

భౌగోళిక స్వరూపం

సహ్యాద్రి శ్రేణికి చెందిన సాత్మల కొండలు పూర్వపు ఆదిలాబాదు జిల్లాను వాయవ్యం నుండి ఆగ్నేయానికి ఏటవాలుగా కోస్తాయి. జిల్లాకు ఉత్తరాన పెన్‌గంగ, తూర్పున ప్రాణహిత, దక్షిణాన గోదావరి సరిహద్దులు. గోదావరికి ఆవలి ఒడ్డు పూర్వపు కరీంనగర్ జిల్లా. 2016 అక్టోబరు 11న జరిగిన పునర్వ్యవస్థీకరణలో ఆదిలాబాదు నుండి నిర్మల్, మంచిర్యాల, కొమురం భీం జిల్లాలు ఏర్పడ్డాయి. కరీంనగర్ నుండి జగిత్యాల, పెద్దపల్లి మొదలైనవి విడిపోయాయి. దీనితో ఒకే అడవి నాలుగు జిల్లాల పాలన క్రిందకు వచ్చింది.

సైకిల్ తొక్కేవారికి ఈ నేల తీరు తెలిసి ఉండటం అవసరం. గోదావరి ఒడ్డు నుండి ఉత్తరంగా వెళ్ళే ప్రతి దారి ఎక్కక తప్పదు. హిమాలయాలలోవలె గంటల కొద్దీ సాగే ఎత్తులు ఇక్కడ లేవు గాని, చిన్న చిన్న ఎత్తుపల్లాలు వరుసగా వచ్చి కాళ్ళను అలసటకు గురిచేస్తాయి. పడమటి భాగం నల్లరేగడి నేల. వానపడిన తరువాత మట్టి దారిలోకి దిగితే ఆ మట్టి చక్రానికి, మడ్‌గార్డుకు మధ్య పేరుకొని చక్రం తిరగదు. సైకిల్‌ను మోయవలసి వస్తుంది.

అడవిలో టేకు ప్రధానమైనది. వెదురు, నల్లమద్ది, ఇప్ప, తునికి, మోదుగ విరివిగా ఉన్నాయి. నిర్మల్ కొయ్యబొమ్మలకు వాడే పొనికి కర్ర కూడా ఈ అడవులదే. టేకు ఆకురాల్చే వృక్షం కావటం చేత వేసవి వచ్చేసరికి రోడ్డుపై నీడ ఉండదు. పటంలో పచ్చగా కనిపించిన దారి ఏప్రిల్‌లో ఎండకు పూర్తిగా తెరచుకొని ఉంటుంది.

అభయారణ్యం, ప్రవేశ నియమాలు

కవ్వాల్ అటవీ ప్రాంతాన్ని 1965లో రక్షిత ప్రాంతంగా ఏర్పాటు చేశారు. 1999లో వన్యప్రాణి సంరక్షణ చట్టం క్రింద అభయారణ్యంగాను, 2012లో పులుల రిజర్వుగాను ప్రకటించారు. దీని కోర్ ప్రాంతం దాదాపు 893 చ.కి.మీ., చుట్టూ ఉన్న బఫర్ ప్రాంతం దాదాపు 1,120 చ.కి.మీ. మంచిర్యాల జిల్లాలోని జన్నారం దీనికి ముఖ్య ద్వారం. చిరుతపులి, ఎలుగుబంటి, అడవిదున్న, మనుబోతు, చుక్కల దుప్పి, కణితి, రేచుకుక్క, అడవిపంది ఇక్కడి ముఖ్య జంతువులు.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 27వ సెక్షను ప్రకారం అనుమతి లేనివారు అభయారణ్యంలో ప్రవేశించరాదు. విధి నిర్వహణలోని ప్రభుత్వోద్యోగులకు, అభయారణ్యంలో స్థిరాస్తిపై హక్కు ఉన్నవారికి, వారిపై ఆధారపడినవారికి మినహాయింపు ఉంది. ప్రజా రహదారి వెంట అభయారణ్యాన్ని దాటి వెళ్ళేవారికి కూడా అదే సెక్షను మినహాయింపు ఇస్తుంది. సైకిల్ యాత్రికునికి వర్తించేది ఈ చివరిదే. దీని అర్థం, అతడు రోడ్డుపై ఉన్నంతవరకే అతనికి అనుమతి అక్కరలేదు. రోడ్డు దిగి అటవీశాఖ వేసుకున్న గస్తీ బాటలోకో, వాగు వెంట ఉన్న కాలిబాటలోకో సైకిల్‌ను మళ్ళిస్తే అది అక్రమ ప్రవేశం అవుతుంది. అడవిలో గుడారం వేయటానికి కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది. అభయారణ్యంలో నిప్పు పెట్టటాన్ని 30వ సెక్షను నిషేధిస్తుంది. ఫిబ్రవరి నుండి మే వరకు ఎండుటాకు మేట వేసి ఉండే ఈ అడవిలో మూడు రాళ్ళ పొయ్యి కూడా ప్రమాదమే.

కోర్ లోపలి భాగాన్ని చూడదలచినవారికి జన్నారం నుండి అటవీశాఖ నడిపే వాహన విహారమే మార్గం. జన్నారంలోను, కడెంలోను పర్యాటక శాఖ వారి హరిత విడిది గృహాలున్నాయి.

గోదావరి వైపు నుండి

కరీంనగర్ నుండి వచ్చేవారు జగిత్యాల, ధర్మపురి మీదుగా రాయపట్నం వంతెనపై గోదావరి దాటి లక్సెట్టిపేట చేరి, అచట నుండి పడమరగా సుమారు 30 కి.మీ. దూరంలోని జన్నారానికి వెళ్ళవచ్చు. ఈ మార్గంలో లక్సెట్టిపేట వరకు లారీల రాకపోకలు ఎక్కువ. జగిత్యాల నుండి బీర్పూర్ వైపు తిరిగి కమ్మునూరు, కలమడుగుల మధ్య వంతెన దాటే దారి దీనికంటె ప్రశాంతమైనది. రైలులో వచ్చేవారికి కాజీపేట – బల్లార్షా మార్గంలోని మంచిర్యాల స్టేషను అనుకూలం. అక్కడి నుండి జన్నారం సుమారు 60 కి.మీ.

జన్నారం నుండి కడెం మీదుగా ఖానాపూర్, నిర్మల్ వెళ్ళే రహదారికి ఉత్తరాన అడవి, దక్షిణాన గోదావరి తీరపు వరి పొలాలు ఉంటాయి. దారిలో తపాలపూర్ వంటి చోట్ల అటవీ తనిఖీ కేంద్రాలున్నాయి. పులుల రిజర్వుగా ప్రకటించిన తరువాత ఈ రహదారిపై రాత్రివేళ వాహనాలపై, ముఖ్యంగా భారీ వాహనాలపై ఆంక్షలు విధించారు. సరుకు రవాణాకు, వైద్యానికి ఆటంకమని స్థానికులు పలుమార్లు నిరసన తెలిపారు. ఈ వేళలు మారుతూ ఉంటాయి గనుక తనిఖీ కేంద్రంలో అడిగి తెలుసుకోవటం మేలు. సైకిల్‌పై వెళ్ళేవారు ఆంక్షలున్నా లేకున్నా సూర్యాస్తమయానికి ముందే ఊరు చేరాలి.

కడెం వద్ద కడెం నదిపై నిర్మించిన జలాశయం ఈ దారిలోని ముఖ్య మజిలీ. 1958లో వరదకు ఈ ఆనకట్టకు గండి పడింది. తరువాత పునర్నిర్మించారు. 2022 జులైలో 5 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చి, గేట్ల విడుదల సామర్థ్యాన్ని మించి నీరు కట్టపై నుండి పొర్లింది. దిగువ గ్రామాలను ఖాళీ చేయించారు. ఈ నది ఎంత త్వరగా ఉబుకుతుందో తెలియటానికి ఈ ఉదాహరణ చాలు. వానాకాలంలో లోతట్టు వంతెనలపై మోకాలి లోతు నీరు కనిపించినా సైకిల్‌తో దిగరాదు.

ఉట్నూరు మార్గం

ఈ ప్రాంతంలోని మార్గాలన్నింటిలో మేలైనది ఆదిలాబాదు నుండి ఉట్నూరు, జైనూరు, కెరమెరి మీదుగా ఆసిఫాబాదు చేరేది. వేగంగా తొక్కేవారు దీనిని రెండు రోజులలో ముగించవచ్చు గాని, నాలుగు రోజులు కేటాయిస్తేనే చూడవలసినవి చూడగలరు.

ఆదిలాబాదు నుండి గుడిహత్నూరు వరకు 44వ జాతీయ రహదారిపై వెళ్ళాలి. అక్కడ రహదారిని విడిచి తూర్పుకు తిరగగానే లారీల హోరు తగ్గి, పత్తి చేలు, దూరాన కొండల వరుస కనిపిస్తాయి. ఇంద్రవెల్లి మండలంలోని ముట్నూరు నుండి ఒక దారి కేస్లాపూర్‌కు చీలుతుంది. ఇక్కడి నాగోబా ఆలయంలో ప్రతి ఏటా పుష్య అమావాస్య నాడు మెస్రం వంశీయులు మహాపూజ చేస్తారు. ఆ పూజకు కావలసిన గోదావరి జలం కోసం వారు ఝరి అనే పాత్రను తీసుకొని, గూడేల మీదుగా కాలినడకన జన్నారం మండలం కలమడుగు దగ్గరి హస్తినమడుగుకు వెళ్ళి వస్తారు. ఉట్నూరు ఎత్తుల నుండి గోదావరి ఒడ్డుకు దిగి, తిరిగి ఎక్కే ఈ నడక ఇక్కడి యాత్రా మార్గాలన్నింటికీ మూలమని చెప్పవచ్చు. అభయారణ్యపు హద్దులు వారి నడక తరువాత గీచినవి. జాతర రోజులలో సైకిల్‌పై వచ్చేవారు ఆలయ పరిసరాలలో బండిని నడిపించుకొని వెళ్ళటం, పూజాకార్యాల ఛాయాచిత్రాలకు ముందుగా అనుమతి అడగటం మర్యాద.

ఇంద్రవెల్లిలో రోడ్డు ప్రక్కన అమరవీరుల స్తూపం ఉంది. 1981 ఏప్రిల్ 20న భూమి హక్కుల కోసం సభకు వచ్చిన గోండులపై ఇక్కడ పోలీసులు కాల్పులు జరిపారు. అధికారిక లెక్క ప్రకారం 13 మంది మరణించారు. మృతుల సంఖ్య అంతకంటె చాలా ఎక్కువని పౌరహక్కుల సంఘాలు తెలిపాయి. తొలి స్తూపం కూల్చివేతకు గురికాగా 1980 దశకంలోనే తిరిగి కట్టారు. ఆ తేదీన ఇక్కడ జనం గుమికూడటంపై ఏళ్ళ తరబడి ఆంక్షలు ఉండేవి.

ఆదిలాబాదు నుండి సుమారు 55 కి.మీ. దూరంలోని ఉట్నూరులో సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ కార్యాలయం, గోండు రాజుల కోట శిథిలాలు ఉన్నాయి. వసతికి, సైకిల్ మరమ్మతుకు ఈ మార్గంలో ఆసిఫాబాదుకు ముందు నమ్మదగిన ఊరు ఇదే. ఇక్కడి నుండి దక్షిణంగా జన్నారం వైపు దిగే దారి దట్టమైన అడవి గుండా పోతుంది. ఆ దారిలో ఊళ్ళు తక్కువ, నీరు దొరకటం కష్టం. మధ్యాహ్నం దాటాక బయలుదేరటం మంచిది కాదు.

ఉట్నూరు నుండి ఆసిఫాబాదు వైపు సాగితే జైనూరు మండలంలో మార్లవాయి వస్తుంది. ఆస్ట్రియాకు చెందిన మానవ శాస్త్రవేత్త హైమండార్ఫ్, ఆయన భార్య బెట్టి ఎలిజబెత్ 1940లలో ఇక్కడ నివసించి గోండుల జీవితాన్ని అధ్యయనం చేశారు. కొమురం భీం పోరాటం తరువాత గోండుల అసంతృప్తికి కారణాలను తెలుసుకొనటానికి నిజాం ప్రభుత్వం ఆయన సేవలను వినియోగించుకొన్నది. 1987లో మరణించిన ఎలిజబెత్ సమాధి మార్లవాయిలోనే ఉంది. ఇదే మండలంలోని ఉషేగాంలో ఓజ కళాకారులు మైనపు అచ్చులతో ఇత్తడి డోక్రా బొమ్మలను పోత పోస్తారు. వీటికి భౌగోళిక గుర్తింపు లభించింది. బరువైన వస్తువులు గనుక సైకిల్ సంచిలో పట్టే చిన్న గంటనో, దీపపు సెమ్మెనో ఎంచుకోవటం ఉత్తమం.

జైనూరు దాటాక కెరమెరి ఘాట్ వస్తుంది. ఈ మార్గంలో కెల్లా నిటారైన భాగం ఇదే. ఆసిఫాబాదు దిశగా వెళ్ళేవారికి ఇది దిగుడు. మలుపులు ఇరుకైనవి, ఎదురుగా వచ్చే బస్సు చివరి క్షణం వరకు కనిపించదు. దిగేముందు బ్రేకు కట్టలను సరిచూసుకోవాలి. వ్యతిరేక దిశలో వచ్చేవారు తెల్లవారగానే ఎక్కటం మొదలుపెడితే ఎండ ముదరక ముందే పైకి చేరగలరు.

కెరమెరి మండలంలోని హట్టి నుండి జోడేఘాట్‌కు ఒక దారి చీలుతుంది. అడవిలో పోడు భూముల నుండి గోండులను వెళ్ళగొట్టటాన్ని, పశువుల మేతపై పన్నును ఎదిరించి పన్నెండు గ్రామాల ప్రజలను కూడగట్టిన కొమురం భీం 1940లో నిజాం బలగాల కాల్పులలో ఇక్కడ మరణించాడు. ఆశ్వయుజ పౌర్ణమి నాడు ఏటా వర్ధంతి జరుపుతారు. స్మారక చిహ్నం, 2016లో ప్రారంభమైన గిరిజన మ్యూజియం ఇక్కడ ఉన్నాయి. జోడేఘాట్ చేరటానికి ఎత్తులు ఎక్కాలి. తిరిగి హట్టికి రావటానికి వెలుగు ఉండేలా చూసుకోవాలి.

ఆసిఫాబాదు నుండి తిరుగు ప్రయాణం రైలులో చేయదలచినవారు ఒక విషయం గమనించాలి. ఆసిఫాబాద్ రోడ్ స్టేషను పట్టణంలో లేదు. దాదాపు 20 కి.మీ. దూరంలో రెబ్బెన మండలంలో ఉంది. ఆ మధ్య దారి మంచిర్యాల – చంద్రపూర్ నాలుగు వరుసల 363వ జాతీయ రహదారి కావటం వలన అంచు వెంటే తొక్కాలి.

జలపాతాల దారి

నిర్మల్ నుండి ఉత్తరంగా పాత మహబూబ్ ఘాట్ మలుపులు ఎక్కి నేరడిగొండ చేరితే, అక్కడ నుండి సుమారు 12 కి.మీ. లోపల కుంటాల జలపాతం ఉంది. కడెం నది ఇక్కడ సుమారు 45 మీటర్ల ఎత్తు నుండి దూకుతుంది. శకుంతల పేరు మీదుగా కుంటాల అయిందని స్థానిక కథనం. బోథ్ వైపున ఉన్న పొచ్చెర జలపాతం ఎత్తు 20 మీటర్లే గాని నీటి ఉరవడి ఎక్కువ. రెండింటిని ఒకే రోజున చూడవచ్చు. కుంటాల మడుగులలో ఈతకు దిగి పలువురు ప్రాణాలు కోల్పోయారు. చెమట పట్టి వచ్చినవారికి నీరు ఎంత పిలిచినా దిగకుండటమే క్షేమం.

దారులు, పులులు, గూడేలు

మహారాష్ట్రలోని తాడోబా – అంధారి, ఛత్తీస్‌గఢ్‌లోని ఇంద్రావతి పులుల రిజర్వులతో కవ్వాల్‌కు అటవీ అనుసంధానం ఉంది. తాడోబాలో సంఖ్య పెరిగిన పులులు కొత్త చోటు వెదకుతూ ప్రాణహిత, పెన్‌గంగ పరీవాహకాల మీదుగా కాగజ్‌నగర్ అడవులకు వస్తున్నాయి. వాటిలో కవ్వాల్ కోర్ వరకు వచ్చి నిలదొక్కుకున్నవి అరుదు. నడుమ రైలు మార్గం, జాతీయ రహదారి, బొగ్గు గనులు, పత్తి చేలు ఉండటం దీనికి ఒక కారణం. మధ్యప్రదేశ్, మహారాష్ట్రల సరిహద్దులోని పెంచ్ వద్ద ఇదే 44వ జాతీయ రహదారి క్రింద జంతువులు దాటటానికి మార్గాలను నిర్మించారు. పులులతో సహా అనేక జంతువులు వాటిని వాడుకొంటున్నట్లు కెమెరాలలో నమోదైంది.

పులి రాక ఇక్కడివారికి కేవలం గర్వకారణం కాదు. 2020 నవంబరులో దహెగాం, పెంచికల్‌పేట మండలాలలో ఇద్దరు యువ ఆదివాసీలు, 2024 నవంబరులో కాగజ్‌నగర్ మండలంలో పత్తి ఏరుతున్న ఒక మహిళ పులి దాడిలో మరణించారు. 2024లో కవ్వాల్ కోర్‌లోని మైసంపేట, రాంపూర్ గ్రామాల కుటుంబాలను కడెం మండలంలోనే అడవి వెలుపలికి తరలించారు. 2025 మే 30న రాష్ట్ర ప్రభుత్వం 49వ నంబరు ఉత్తర్వు ద్వారా కొమురం భీం జిల్లాలోని దాదాపు 1,490 చ.కి.మీ. అడవిని, కవ్వాల్ – తాడోబా అనుసంధానం కోసం, కన్సర్వేషన్ రిజర్వుగా ప్రకటించింది. తమ భూమికి, రాకపోకలకు ముప్పు అని ఆదివాసీ సంఘాలు ఆందోళన చేయగా జులైలో ఆ ఉత్తర్వును నిలిపివేసింది.

రోడ్ల విషయంలో కూడా ఈ పేచీ ఉంది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం గ్రామసభ సిఫారసుతో, ఒక్కో పనికి ఒక హెక్టారుకు మించకుండా, హెక్టారుకు 75 చెట్లకు మించి నరకకుండా రోడ్లు, బడులు మొదలైన వాటికి అటవీ భూమిని కేటాయించవచ్చునని చెప్తుంది. అభయారణ్యం లోపల దీనికి తోడు వన్యప్రాణి చట్టపు అనుమతులు కూడా కావాలి. అవి రానిచోట గూడెం దారి మట్టి దారిగానే మిగులుతుంది. వానాకాలంలో రోగిని మంచంపై మోసుకొని తారు రోడ్డుకు తేవలసి వస్తుంది. యాత్రికునికి అందంగా తోచే మట్టి బాట ఆ ఊరివారికి ఏళ్ళ తరబడి తీరని విన్నపం. మరోవైపు, వెడల్పు చేసిన ప్రతి రోడ్డుపై వాహనాల వేగం పెరిగి దుప్పులు, అడవిపందులు చక్రాల క్రింద పడుతున్నాయన్నది అటవీశాఖ అభ్యంతరం. రెండు వాదనలలోను నిజం ఉంది. సైకిల్ వలన జంతువులకు కలిగే హాని స్వల్పమే.

అయితే సైకిల్ చప్పుడు చేయకపోవటమే తొక్కేవారికి అపాయం కావచ్చు. మోటారు శబ్దం విని తొలగిపోయే ఎలుగుబంటి, అడవిదున్న మలుపులో ఒక్కసారిగా ఎదురుపడతాయి. మార్చి, ఏప్రిల్ నెలలలో రాలిన ఇప్పపూల కోసం ఎలుగులు తెల్లవారుజామున చెట్ల క్రిందకు వస్తాయి. అదే వేళకు పూలు ఏరటానికి గూడెం స్త్రీలు కూడా వస్తారు. మలుపుల వద్ద గంట మోగించటం, ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్ళటం, ఊరివారు వద్దన్న దారిన వెళ్ళకుండటం పాటించవలసినవి.

కాలం, ఏర్పాట్లు

నవంబరు నుండి ఫిబ్రవరి వరకు ప్రయాణానికి అనువైన కాలం. తిర్యాణి మండలం గిన్నెధరి, సిర్పూర్ (యు) వంటి చోట్ల కొన్ని ఏళ్ళలో డిసెంబరు, జనవరి రాత్రులు 5 డిగ్రీల సెల్సియస్ కంటె తక్కువకు పడిపోతాయి. తెలంగాణలో ఇంత చలి ఉంటుందని తెలియనివారు పలుచని దుస్తులతో వచ్చి ఇబ్బంది పడతారు. వేసవిలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలను దాటుతుంది. జలపాతాల కోసం వచ్చేవారికి వర్షాలు తగ్గే సెప్టెంబరు, అక్టోబరు నెలలు మేలు. పత్తి కాలంలో, ముఖ్యంగా నవంబరు నుండి జనవరి వరకు, మార్కెట్టు యార్డులకు వెళ్ళే బండ్లు రోడ్డు నిండా పరచుకొని ఉంటాయి.

గూడేలలోని సైకిల్ దుకాణాలలో పాతకాలపు 28 అంగుళాల, పిల్లల సైకిళ్ళ, 26 అంగుళాల ట్యూబులు దొరుకుతాయి గాని, యాత్రా సైకిళ్ళకు వాడే 700సి ట్యూబులు దొరకటం అరుదు. కనీసం రెండు వెంట ఉంచుకోవాలి. సన్నని ప్రెస్టా వాల్వు ఉన్న ట్యూబుకు ఇక్కడి పంపులు పట్టవు. మోటారు సైకిల్‌కు ఉండే ష్రేడర్ వాల్వు అయితే పెట్రోలు బంకులో కూడా గాలి కొట్టించుకోవచ్చు. తుమ్మ ముళ్ళు, రోడ్డుపై రాలిన పత్తి కట్టె మొనలు సన్నని టైర్లను ఇట్టే గుచ్చుతాయి గనుక 35 మి.మీ. లేక అంతకంటె వెడల్పైన టైర్లు మంచివి. అడవి లోపలి దారులలో మొబైల్ సంకేతాలు చాలా చోట్ల అందవు. ఉట్నూరు, జైనూరు వంటి ఊళ్ళలో సంత ఏ వారమో ముందే తెలుసుకొంటే ఆ రోజున భోజనానికి, పండ్లకు లోటుండదు. మిగిలిన రోజులలో కెరమెరి, జోడేఘాట్ దారిన వెళ్ళేవారు ఒక పూట తిండి, మనిషికి కనీసం మూడు లీటర్ల నీరు వెంట తీసుకొని బయలుదేరాలి.